పెళ్ళి బయోడేటాలో లేని అమ్మాయి

సమస్య

మాది ఖమ్మం. మావారు జడ్పీ హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అమ్మాయికి ముప్పై రెండు నిండాయి. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ చదివి, అక్కడే భూకంపాల మీద పీహెచ్‌డీ చేసింది. తర్వాత రెండేళ్ళు జర్మనీలో ఉంది. ఇక ఇంటికి వచ్చేస్తుందనుకుంటే, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఏదో ఫెలోషిప్ వచ్చిందట, మూడేళ్ళట. అక్టోబరులో చేరాలి. "ఇంకా ఎన్నాళ్ళే ఈ చదువు?" అంటే నవ్వి ఊరుకుంటుంది.

సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే చెప్పలేక చచ్చిపోతున్నాను. పోస్ట్‌డాక్ అంటే డాక్టరా అంటారు. భూకంపాలంటే "అదేం ఉద్యోగమండీ, పర్మనెంటేనా?" అంటారు. చివరికి మా ఆడపడుచు సలహా మీద బయోడేటాలో "డేటా సైంటిస్ట్, లండన్" అని వేయించాం. ఆ తర్వాత నాలుగు సంబంధాలు వచ్చాయి కూడా. అందులో ఒకబ్బాయి నేరుగా మా అమ్మాయికే మెసేజ్ పెట్టి, ఏ కంపెనీ అని అడిగాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "నా పని చెప్పుకోవడానికి నీకు సిగ్గేస్తోందా అమ్మా?" అంది. అంతే. అప్పటి నుంచి వాట్సాప్‌లో "తిన్నాను", "పడుకుంటున్నా" అని పెట్టడం తప్ప మాటల్లేవు.

నేను ఏమీ తెలియనిదాన్ని కాదు మేడం. ములుగు భూకంపం వచ్చిన రోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాళ్ళమంతా కిందికి పరుగెత్తాం. మళ్ళీ వస్తుందా, పైకి వెళ్ళొచ్చా, మీ అమ్మాయిని అడగండి అని అందరూ నా మీద పడ్డారు. స్పీకర్ పెట్టి వినిపించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో గీతలేవో చూపిస్తూ వాళ్ళ నాన్నకు చెబుతుంటే, పళ్ళెంలో అన్నం చల్లారిపోయినా ఆయన కదల్లేదు. తెలివైన పిల్లే. కానీ వయసు దాటిపోతోంది. దాని తర్వాత తమ్ముడున్నాడు, వాడికీ అడుగుతున్నారు. ఆ ఫెలోషిప్ మానుకొని హైదరాబాద్‌లో ఏదో ఒక ఉద్యోగం చూసుకోమని మీరైనా నచ్చజెప్పండి.

ఒక తల్లి, ఖమ్మం

సలహా

అమ్మా, మీ అమ్మాయికి నేను నచ్చజెప్పను. నచ్చజెప్పాల్సింది మీకు.

మీ ఉత్తరాన్ని మామూలు పెళ్ళి సమస్యే అనుకుని చదవడం మొదలుపెట్టాను. "డేటా సైంటిస్ట్, లండన్" దగ్గర ఆగిపోయాను. ఏళ్ళ తరబడి ఒకే పనిని పట్టుకుని కూర్చున్న పిల్ల, ఆ పనిని కన్నవాళ్ళే కొట్టేసి ఇంకోటి రాశారని ముక్కూమొహం తెలియని మనిషి మెసేజ్ చూసి తెలుసుకుంది. అరవలేదు, అలగలేదు, ఒక్క ప్రశ్న అడిగింది. దానికి మీరేం జవాబిచ్చారో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇవ్వలేదనే అనుకుంటున్నాను.

ఆ నాలుగు సంబంధాలూ మీ అమ్మాయికి వచ్చినవి కావమ్మా. లండన్‌లో లేని ఒక డేటా సైంటిస్ట్‌కి వచ్చినవి. వాటిలో ఒకటి కుదిరినా, పెళ్ళయిన నెలకు భర్త ముందు ఆమె తన ఉద్యోగానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.

ముందుగా ఒక మాట సరిచేస్తాను. మీ అమ్మాయి చదువుకోవడం లేదు. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన రోజుతోనే ఆ చదువు అయిపోయింది. పోస్ట్‌డాక్ అంటే నెల జీతం తీసుకుని చేసే పరిశోధన ఉద్యోగం. అందులోనూ ఫెలోషిప్ అంటే ఎవరో ప్రొఫెసర్ తన ప్రాజెక్టులో సాయానికి పిలిచి ఇచ్చేది కాదు. ఏం పరిశోధిస్తుందో, ఎలా చేస్తుందో తానే రాసి పంపాలి. దేశదేశాల నుంచి వచ్చిన అలాంటి ప్రతిపాదనలతో అది పోటీపడి నిలవాలి. మీ అమ్మాయి తన సొంత ఆలోచనకు మూడేళ్ళ జీతం సంపాదించుకుంది.

ఆ ఆలోచన దేని గురించో మీకు తెలుసు, మీరే రాశారు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969లో, అప్పట్లో మీ జిల్లాలోనే ఉన్న భద్రాచలం దగ్గర 5.7తో వచ్చింది. గోదావరి లోయ అడుగున ఏముందో, ఒత్తిడి ఎక్కడ పేరుకుంటోందో తేల్చడానికి దొరికే ఆధారాల్లో ముఖ్యమైనవి మీవారు అన్నం చల్లారినా వదలకుండా చూసిన ఆ గీతలే. భూకంపం వచ్చినప్పుడు ముందు పి తరంగం చేరుతుంది, వెనకాల ఎస్ తరంగం వస్తుంది. రెండింటికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, ఎంత దూరంలో పుట్టిందో లెక్క కడతారు. ఇలాంటి గీతల్నే పట్టి పట్టి చూసి, డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమన్ అనే ఆవిడ 1936లో భూమి కేంద్రకం లోపల ఇంకో కేంద్రకం ఉందని ప్రపంచానికి చెప్పింది. హెడ్మాస్టరు గారికి ఆ రోజు కొంతైనా అర్థమై ఉంటుంది. మరి బయోడేటా రాయించేటప్పుడు ఆయనను అడిగారా?

భూకంపం వచ్చిన పొద్దున అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆమె సైంటిస్ట్. పెళ్ళివారి ముందుకు వచ్చేసరికి కాదు. నాకు కష్టం కలిగించింది ఇదే.

ఆడవాళ్ళ పనిని కాగితం మీద ఇంకో పేరుతో రాయడం కొత్తేమీ కాదు. మార్గరెట్ బర్బిడ్జ్ అని గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞురాలు ఉండేది. 1940లలో అమెరికాలోని కార్నెగీ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెడితే, మౌంట్ విల్సన్ టెలిస్కోపు మగవాళ్ళకే అని తిప్పి పంపారు. 1955లో అదే ఫెలోషిప్ ఆమె భర్త జెఫ్రీకి వచ్చింది. ఆమె ఆయన సహాయకురాలిగా కొండెక్కింది. పరిశీలనలు చేయాల్సింది ఆమె, కాగితాల మీద మాత్రం భర్తకు సహాయకురాలు. బస చేయడానికి మగవాళ్ళ వసతిలోకి రానివ్వలేదు. ఆ దంపతులిద్దరూ ఫౌలర్, హోయెల్‌లతో కలిసి 1957లో రాసిన పరిశోధన పత్రమే, మనలోని మూలకాల్లో చాలావరకు నక్షత్రాల్లో ఎలా తయారయ్యాయో వివరించింది. లండన్‌లోని రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీ 1820 నాటిది. ఖగోళ శాస్త్రంతోపాటు మీ అమ్మాయి చదివిన భూభౌతిక శాస్త్రానికీ అదే పెద్ద సంఘం, యువ పరిశోధకులకు ఫెలోషిప్‌లూ ఇస్తుంది. అది కూడా 1916 దాకా ఆడవాళ్ళను ఫెలోలుగా చేర్చుకోలేదు. అలాంటి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాక మీ అమ్మాయి తన పేరుతో లోపలికి వెళ్తోంది. ఆ పేరు పక్కనున్న పనిని చెరిపేసింది ఇంట్లోవాళ్ళు.

మన హైదరాబాద్ కుర్రాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు సంగతీ చెప్పాలి. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బప్పు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ ముగించి, ఆ కార్నెగీ ఫెలోషిప్ మీదే అమెరికాలో పరిశోధన చేసి, తర్వాత ఇండియాకు తిరిగొచ్చాడు. తమిళనాడులోని కావలూరులో పెద్ద టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే. ఈ ఫెలోషిప్ వచ్చింది మీ అబ్బాయికే అయితే, నిజం చెప్పండి, అది బయోడేటాలో మొదటి వరుసలో ఉండేదా లేదా?

పెళ్ళి వయసు దాటుతోందన్నారు. ఫెలోషిప్‌లకూ వయసు దాటుతుంది, ఆ లెక్క ఎవరూ వేయరు. మన కేంద్ర ప్రభుత్వం ఇస్తూ వచ్చిన నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు 35 ఏళ్ళు పరిమితి, ఆడవాళ్ళకు ఇంకో ఐదేళ్ళు సడలింపు. యూరప్ వాళ్ళ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయిన ఎనిమిదేళ్ళలోపే దరఖాస్తు పెట్టుకోవాలి. పిల్లల కోసం పని ఆపిన కాలాన్ని మాత్రం ఆ ఎనిమిదేళ్ళలోంచి తీసేస్తారు. ఆడపిల్లకు బిడ్డలు పుడతారని, పనికి కొన్నాళ్ళు విరామం వస్తుందని వాళ్ళు ముందే ఆలోచించి నిబంధన రాసుకున్నారు. మన ఇళ్ళలో మాత్రం పెళ్ళో, పనో, రెండింట్లో ఒకటి తేల్చుకోమంటారు.

మన కుటుంబాలు పిల్లల చదువు కోసం ఎంత దూరమైనా వెళ్తాయి. ఫీజులకు పొలం అమ్ముతాయి, నగలు కుదువ పెడతాయి. తీరా ఆ చదువు పక్కింటివాళ్ళకు తెలిసిన నాలుగు ఉద్యోగాల్లో దేనికీ సరిపోకపోతే నోరు పెగలదు. డాక్టరు, ఇంజనీరు, సాఫ్ట్‌వేరు, గ్రూప్ వన్. ఈ నాలుగూ కాని పిల్లలు ప్రతి పేరంటంలోనూ, ప్రతి పెళ్ళిలోనూ అమ్మానాన్నల మొహాల్లో ఇబ్బంది చూస్తూ పెరుగుతారు. అడిగినవాళ్ళకు అర్థం కాకపోతే అది వాళ్ళ లోటు. మనం ఇంకో రెండు నిమిషాలు నిలబడి చెప్పాలి. "మా అమ్మాయి భూకంపాలను పరిశోధిస్తుంది. మొన్న ములుగులో వచ్చింది చూడండి, అలాంటివి" అంటే ఖమ్మంలో అర్థం కాని మనిషి ఎవరు?

మీ భయంలో న్యాయం లేదని అనను. మూడేళ్ళ తర్వాత ఏమిటన్నది నిజమైన ప్రశ్నే. ఫెలోషిప్ పర్మనెంటు కాదు, గడువు ముగిసేలోగా మళ్ళీ వెతుక్కోవాలి, అందరికీ దొరకదు కూడా. అయితే పర్మనెంటు ఉద్యోగానికి దారి ఇటునుంచే. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ళ అనుభవం అడుగుతారు. మీరు మానుకోమంటున్నది ఆ అనుభవాన్నే. మూడేళ్ళ తర్వాత ఏం చేయాలనుకుంటోందో ఆమెనే అడగండి, వినండి. పెళ్ళి చేసుకోవాలని ఉందా, ఎలాంటి మనిషి కావాలి, ఎక్కడ ఉండాలనుకుంటోంది, అవీ అడగండి. ఇంత ఉత్తరంలో ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ బయోడేటా ఎవరెవరి దగ్గరకు వెళ్ళిందో వాళ్ళందరికీ మీరే ఫోన్ చేసి తప్పు పడిందని చెప్పండి, ఆడపడుచు చేత చెప్పించకండి. కొత్తది హెడ్మాస్టరు గారి చేత రాయించండి, అందులో ఫెలోషిప్ పేరు పూర్తిగా ఉండాలి. ఎవరికీ పంపకముందు అమ్మాయికి పంపి దిద్దమనండి. దానితోపాటు ఆమె ఆ రాత్రి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చెప్పండి, ఆలస్యమైనా సరే. ఇక తమ్ముడి పెళ్ళికి అక్క పెళ్ళి అడ్డు రానక్కర్లేదు. అతనికి నచ్చిన సంబంధం వస్తే ఖాయం చేయండి. ముహూర్తం పెట్టుకునే ముందు మాత్రం అక్కకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో కనుక్కోండి, అక్టోబరులో చేరిన మనిషి వెంటనే రాలేకపోవచ్చు.