క్రియ కోసం కాచుకున్న బస్సు

మాది మనలి. ఇంగ్లీషు క్లాసులో పొడుగు వాక్యం వస్తే సగంలోనే దారి తప్పేదాన్ని. నాకే తెలివి తక్కువనుకున్నాను. ఇది చదవండి:

"ది బస్ దట్ ది గర్ల్ హూ లివ్స్ ఇన్ మనలి మిస్డ్ కేమ్ బ్యాక్."

ముందు బస్సు వచ్చింది, దాని క్రియ రాలేదు. అంతలో అమ్మాయి వచ్చింది. 'మిస్డ్' అమ్మాయిది, 'కేమ్ బ్యాక్' బస్సుది. అవి వచ్చేదాకా మెదడు రెండు కర్తల్నీ మోయాలి. ఇలా వాక్యంలో వాక్యం ఇరికితే వ్యాకరణం సరిగ్గా ఉన్నా తాత్కాలిక జ్ఞాపకం చాలదని నోమ్ చామ్‌స్కీ, జార్జ్ మిల్లర్ 1963లోనే రాశారు. అంటే ఇంగ్లీషువాళ్లకీ ఈ తిప్పలు తప్పవన్నమాట!

తెలుగులో చూడండి: "మనలిలో ఉండే అమ్మాయి అందుకోలేకపోయిన బస్సు తిరిగొచ్చింది." 'ఉండే', 'అందుకోలేకపోయిన' అనే క్రియాజన్య విశేషణాలు నామానికి ముందే వస్తాయి. అందుకే ఏ ముడి ఆ ముడి అక్కడే విడిపోతుంది.

మనకీ చిక్కులున్నాయి. "నేను మనలిలో ఉండే అమ్మాయి అందుకోలేకపోయిన బస్సు చూశాను" అంటే 'నేను' చివరిదాకా కాచుకోవాలి. దాన్ని 'చూశాను' పక్కకి జరిపితే సరి.

ఇప్పుడు ఇంగ్లీషు చదివేటప్పుడు కర్త కిందా, దాని క్రియ కిందా పెన్సిలుతో ఒకే రకం గీత గీస్తున్నాను. మీరూ గీసి చూడండి. బరువు వాక్యానిదేగాని, లోటు మన తెలివిది కాదు.