ఆలోచన ఉంటే చాలు, కంపెనీకి తొందరెందుకు?

బీటెక్ మూడో ఏడాదిలోనే నలుగురు స్నేహితులు కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయించుకుంటారు. లింక్డ్ఇన్‌లో పేరు పక్కన ‘ఫౌండర్’ అని పడుతుంది. ఇంట్లోవాళ్లూ మురిసిపోతారు. నష్టం తెలిసేది ఆ తర్వాతే. కేంద్రం 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో ఒక షరతుంది: దరఖాస్తు చేసేనాటికి కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదు. పరీక్షలు, ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ల హడావుడిలో ఆ రెండేళ్లూ ఇట్టే గడిచిపోతాయి. తీరా వస్తువు ఒక రూపానికి వచ్చేసరికి అర్హత ఉండదు.

ప్రభుత్వ సాయంతో సొంత సంస్థ పెట్టాలనుకునే కర్నూలు, కడప విద్యార్థులు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఏ డబ్బు ఏ దశలో వస్తుందో తెలియకుండా కంపెనీ పెట్టకండి.

రాష్ట్రం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అమల్లో ఉన్నది 2024-29 ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం. దానికి తోడుగా 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో రాయలసీమకు దక్కినవి తిరుపతి, అనంతపురం. కర్నూలు, కడపలకు ఆ జాబితాలో చోటు లేదు. కడప పిల్లలు తిరుపతి బస్సు, కర్నూలు పిల్లలు అనంతపురం బస్సు ఎక్కాల్సిందే. ఓర్వకల్లులో 300 ఎకరాల డ్రోన్ సిటీ తలపెట్టిన ప్రభుత్వం, పక్కనే ఉన్న కర్నూలుకు ఒక కేంద్రం ఇచ్చి ఉంటే బాగుండేది. అయినా దానికోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఇంకో మెలిక. చాలామంది బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడే కంపెనీ రిజిస్టర్ చేస్తారు. రాష్ట్రాల పథకాలు సాధారణంగా తమ దగ్గర రిజిస్టరైన సంస్థలకే. కర్ణాటక ‘ఎలివేట్’ పేరిట 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది, కానీ అక్కడి కంపెనీలకే. మీ ప్రయోగాలు, పొలాలు, కొనేవాళ్లు సీమలో ఉంటే రిజిస్ట్రేషన్ ఎక్కడన్నది ఆడిటర్‌కు వదిలేసే విషయం కాదు.

కంపెనీ లేకుండానే అందే డబ్బూ ఉంది. చేతికి దొరికే వస్తువు తయారు చేసేవాళ్లకు కేంద్ర పథకం నిధి-ప్రయాస్ కింద నమూనా కోసం 10 లక్షల దాకా వస్తుంది. వట్టి యాప్‌లకు ఇది పనికిరాదు. చదువు అయ్యాక ఉద్యోగం పక్కన పెట్టి ఆలోచన మీదే కూర్చునేవారికి నిధి-ఈఐఆర్‌లో నెలకు గరిష్ఠంగా 30 వేల ఫెలోషిప్ ఉంది. రెండింటికీ దరఖాస్తు గుర్తింపు పొందిన ఇంక్యుబేటర్ల (కొత్త సంస్థలకు చోటు, సలహా ఇచ్చే కేంద్రాల) ద్వారానే. వ్యవసాయ ఆలోచనలకు కేంద్ర పథకం ఆర్‌కేవీవై కింద సాయం ఉంది.

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మసీ చదివినవాళ్ల దారి వేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల దాకా ఉంటుంది. ఏటా జనవరి 1న, జులై 1న దరఖాస్తులు పిలుస్తారు. ల్యాబ్ లేదే అని యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థి దిగులు పడనక్కర్లేదు. తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ సీసీఎంబీలో, జినోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కులో అద్దెకు బెంచీ దొరికే ఇంక్యుబేటర్లున్నాయి.

ఇక దరఖాస్తు. ‘సమస్య’ అన్న గడిలో ఎక్కువమంది రాసేది ‘రైతులకు ఉపయోగపడే ఏఐ యాప్’. చదివేవాళ్లకు అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అదే, ఖరీఫ్ ఉల్లి వానకు తడిసి కర్నూలు యార్డుకు వస్తుందనీ, తేమ వల్ల నిల్వ ఆగదనీ, ఆ తేమను బస్తా విప్పకుండా కొలిచే పరికరం చేస్తామనీ రాయండి. యార్డులో కమీషన్ ఏజెంటు, హమాలీ, రైతు ముగ్గురితోనూ మాట్లాడి వాళ్లు చెప్పింది జతచేయండి. సెన్సర్లు, పరీక్షల ఫీజు, పొలాలకు తిరిగే ఖర్చు బడ్జెట్‌లో పెట్టండి. ఆఫీసు అద్దె, ఏసీ, ల్యాప్‌టాప్‌లు పెట్టారో, మొదటి వడపోతలోనే పోతారు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్ల రాతి బురద, ఇలాంటివి హైదరాబాద్ పిల్లలకంటే మీకే బాగా తెలుసు.

డబ్బు మంజూరైనా ఒకేసారి చేతికి రాదు. సీడ్ ఫండ్ గ్రాంటు 20 లక్షల దాకా ఉన్నా, ఒప్పుకున్న పని పూర్తయిన కొద్దీ వాయిదాల్లో ఇస్తారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ‘మేం ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి’ అనే కన్సల్టెంట్లను గుమ్మం దాటి రానివ్వకండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నూటికి తొంభై మంది మొదటి రెండేళ్లు వేరొకరి స్టార్టప్‌లో పనిచేయడమే మేలు. గ్రాంటు తెచ్చుకున్న సంస్థలకు ఫీల్డ్ ట్రయల్స్ చూసేవాళ్లు, రిపోర్టులు రాసేవాళ్లు, పరికరాలు బిగించేవాళ్లు కావాలి. డ్రోన్ రంగంలో పనిచేయాలంటే, పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవాళ్లు డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

ఈ వారం ఒక పని చేయండి. దగ్గర్లోని ఇంక్యుబేటర్ మేనేజర్‌కు మీ సమస్యను ఒక పేజీలో రాసి మెయిల్ పెట్టండి. పథకాల గడువులు, మొత్తాలు మారుతుంటాయి కాబట్టి అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే దరఖాస్తు నింపండి.