జీపు తగిలించుకుని బయల్దేరే ముందు

గ్రాండ్ జంక్షన్, కొలరాడో

చిరంజీవి కార్తీక్‌కు,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 2004 రాంగ్లర్, అయిదు గేర్ల మాన్యువల్, ఛాసీకి తుప్పు లేదు. మంచి బండే దొరికింది నీకు. అక్టోబరులో దాన్ని ఫోర్‌రన్నర్ వెనక తగిలించుకుని స్వాతినీ పిల్లలనీ మోయాబ్ తీసుకెళ్తానన్నావు, ఏమేం చూసుకోవాలో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకని రాస్తున్నాను. ప్రింటు తీసి గ్లవ్ బాక్సులో పెట్టుకో.

ట్రైలర్ లేకుండా, జీపు నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో లాక్కెళ్దామన్న నీ ఆలోచన సరైనదే. ఫోర్‌రన్నర్‌కి టొయోటా పెట్టిన హద్దు 5,000 పౌండ్లు. నీ జీపు కంపెనీ గేటు దాటిన రోజున 3,300 పౌండ్లు ఉండి ఉంటుంది. కార్లు ఎక్కించే మామూలు ఇనుప ట్రైలర్ ఒక్కటే 2,000 దాకా తూగుతుంది. రెండూ కలిపితే హద్దు దాటిపోయింది. అదీగాక ట్రైలర్ తన బరువులో పదో వంతు పైగా హిచ్ మీద వేస్తుంది. నలుగురు మనుషులు, టెంటు, కూలర్, నీళ్ళ క్యాన్లు ఉన్న బండి వెనక మరో 500 పౌండ్లు కూర్చుంటే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. టో బార్‌తో ఆ బాధ లేదు. జీపు బరువు జీపే మోసుకుంటుంది.

అయితే ఆ 3,300 అన్న అంకె ఇప్పుడు నీ జీపుది కాదు. పాత యజమాని ఇనుప బంపరు వేయించాడు, వించి పెట్టించాడు, 33 అంగుళాల టైర్లు, పక్కన రాక్ స్లయిడర్లు. వెనక నువ్వు పనిముట్ల పెట్టె ఒకటి పెడతావు. 3,900 అయినా నేను ఆశ్చర్యపోను. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, కాసిని డాలర్లిస్తే చీటీ ఇస్తారు. జీపును ఒక్కదాన్నే ఒకసారి తూయించు. తర్వాత అన్నీ సర్దుకుని, అందరూ కూర్చున్నాక ఫోర్‌రన్నర్‌ను తూయించు. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీదున్న అంకెలతో ఆ చీటీలు పోల్చి చూడు.

ఇక నేను ఇంత ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి. నువ్వు పంపిన సామాన్ల జాబితాలో టో బార్ ఉంది, చైన్లు ఉన్నాయి, అయస్కాంతం లైట్లు ఉన్నాయి, కొత్త వించి తాడు కూడా ఉంది. జీపుకు బ్రేకు వేసే సాధనం మాత్రం లేదు. 5,000 హద్దులోనే ఉన్నాం కదా అనుకుని ఉంటావు. జీపు బ్రేకులు తమంతట తాము పడవు, నాయనా. ఫోర్‌రన్నర్ ఖాళీగా 4,700 పౌండ్లు. మనుషులూ సామానూ 900 వేసుకో. దానికి జీపు 3,900. మొత్తం 9,500. ఆరువేల పైచిలుకు బరువును ఆపడానికి చేసిన నాలుగు డిస్కుల మీద నువ్వు తొమ్మిదిన్నర వేలు వేస్తున్నావు.

మీ తాతయ్య ఎడ్లబండి తోలేవారు. గట్టు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే ఆయన బండి దిగి ఎద్దుల ముందు నిలబడేవారు. దిగుడులో బండి ఎద్దుల మీదకి తోసుకొస్తుందని ఆయనకు తెలుసు. జీపు చేసే పనీ అదే. డెన్వర్ నుంచి మా ఊరు దాటి మోయాబ్ దాకా 350 మైళ్ళు. అందులో ఐ-70 మీద ఐజెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అవతల తేలగానే సిల్వర్‌థార్న్ దాకా ఎనిమిది మైళ్ళ దిగుడు, రెండు వేల అడుగులకు పైనే కిందికి. అది అయిపోయిందనుకునేలోపు వేల్ పాస్ ఎక్కి మళ్ళీ వేల్ ఊళ్ళోకి దిగాలి. బ్రేకులు కాలిపోయిన ట్రక్కులు దూరడానికి కంకర పోసిన ర్యాంపులు ఆ దారి పక్కన కట్టింది ఊరికే కాదు. ఆ వాలులో, వంపులో ఉన్నప్పుడు ముందు ఎవరో హఠాత్తుగా ఆగారనుకో. బ్రేకు లేని జీపు నీ బండి వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది. ఫోర్‌రన్నర్ బరువుకు జీపు బరువు మరీ తక్కువేం కాదు. పెద్ద మోటార్‌హోమ్ వెనక ఇదే జీపు ఉంటే దానికి తెలియను కూడా తెలియదు. నీకు తెలుస్తుంది.

కాబట్టి జీపులో బ్రేకు పెడల్‌ను నొక్కే సాధనం కొను. డ్రైవరు సీటుకీ పెడల్‌కీ మధ్య పెట్టి, బయల్దేరేటప్పుడు బిగించి, దిగాక తీసేసేవి దొరుకుతాయి. నువ్వు ఎంత గట్టిగా బ్రేకు వేస్తే అదీ అంతే గట్టిగా జీపు పెడల్ నొక్కే రకం చూసుకో. వెయ్యి డాలర్లు పైమాటే. అది ఎక్కువనిపిస్తే వించి తాడు మానెయ్, ఆ జాబితాలో ఉన్న లైట్ల బారు కూడా మానెయ్. ఈ విషయంలో నేను మొహమాటపడను. చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్లకు సొంత బ్రేకులుండాలని చట్టంలోనే రాశాయి. చట్టం అడగకపోయినా వెనక సీట్లో నీ పిల్లలున్నారు.

ఆ సాధనాన్ని బిగించే ముందు జీపు ఇంజను ఆపేసి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వదులు. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోవాలి, లేకపోతే మొదటి నొక్కుడుకే చక్రాలు పట్టేస్తాయి. దానితోపాటు బ్రేక్‌అవే తీగ వస్తుంది. టో బార్ ఊడిపోతే ఆ తీగ పిన్ను లాగి జీపును ఆపేస్తుంది. దాన్ని చైనుకు కాదు, హిచ్ రిసీవర్‌కే కట్టు. పది మైళ్ళు పోయాక ఎక్కడైనా ఆపి, జీపు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. ఒకటి కాలుతుంటే బ్రేకు పూర్తిగా వదలడం లేదన్నమాట.

దిగుడులో ముందే గేరు తగ్గించు, వేగం పెరిగాక కాదు. ఫోర్‌రన్నర్ గేరు లివర్‌ను ఎస్ వైపుకి లాగి మూడో గేరులో పెట్టి, ఇంజనునే పట్టుకోనివ్వు. బ్రేకు ఒకసారి గట్టిగా వేసి వదలాలి, అలా తొక్కి పట్టుకోకూడదు. వేగం 55 దగ్గర ఉంచు. 65లో వెళ్తే ఆపాల్సిన శక్తి నలభై శాతం పెరుగుతుంది, వేగం వర్గంతో పెరిగే లెక్క కదా. ఎక్కుడులో మెల్లగా పోతున్నామని చిన్నబోకు. ప్రతి వెయ్యి అడుగులకూ టర్బో లేని ఇంజను మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. సొరంగం దగ్గర నీ ఇంజనుకు మూడో వంతు లేనట్టే. కుడి లేను పట్టుకుని ట్రక్కులతో పాటు ఎక్కు.

టో బార్ దేనికి బిగించారో ఫొటోలో సరిగ్గా కనిపించలేదు. బంపరుకు మాత్రమే బిగిస్తే వద్దు. బంపరును పట్టుకునే క్లాంపు రకం టో బార్ వాడొద్దని జీపు పుస్తకంలోనే ఉంది. బ్రాకెట్లు ఛాసీ రెండు పట్టీలకూ పోవాలి. వించి బంపరు అయితే అది ఛాసీకి ఏ బోల్టులతో, ఎన్నింటితో పట్టుకుందో కిందకి దూరి చూడు. బురదలో లాగడానికి పెట్టిన కొక్కెం వేరు, 350 మైళ్ళు ఊగుతూ వెనక రావడానికి బిగించే బ్రాకెట్ వేరు. ఇంకొకటి, టో బార్ నేలకు సమంగా ఉండాలి. ఒక కొన రెండో కొనకంటే మూడు అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. నీ జీపు లేపిన బండి కాబట్టి హిచ్ బాల్‌ను పైకెత్తే మౌంట్ కొనాల్సి రావచ్చు. చైన్లు టో బార్ కింద ఒకదాన్నొకటి దాటేలా వెయ్యి. అయస్కాంతం లైట్లు పని చేస్తాయి కానీ, డయోడ్ల కిట్ కొని జీపు సొంత లైట్లకే తీగ వేయించుకుంటే ఒక బెంగ తీరుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి జాగ్రత్తగా చదువు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా క్లచ్ తొక్కి, చిన్న లివర్‌ను ఎన్ దగ్గర పెట్టు. తర్వాత రివర్స్ వేసి క్లచ్ వదిలి, హ్యాండ్ బ్రేకు దించి చూడు, బండి కదలకూడదు. ఫస్టు గేరు వేసి మళ్ళీ చూడు. రెండిటికీ కదలకపోతేనే అది నిజంగా న్యూట్రల్‌లో పడ్డట్టు. అప్పుడు హ్యాండ్ బ్రేకు మళ్ళీ వేసి, ఇంజను ఆపి, పెద్ద గేరును న్యూట్రల్‌లో వదలకుండా గేరులోనే ఉంచు. చాలామంది ఇక్కడ తడబడతారు. కారణం చెబితే గుర్తుంటుంది. గేరుబాక్సులో నూనె చిమ్మే షాఫ్టు ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి ఒరిపిడికి గేరుబాక్సు వెనక షాఫ్టు కొంచెం కొంచెంగా తిరిగితే దానికి నూనె అందదు. గేరులో ఉంటే ఆగిన ఇంజను దాన్ని కదలనివ్వదు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఆ భయం లేదు, దాని నూనె పంపును వెనక చక్రాల వైపు పోయే షాఫ్టే తిప్పుతుంది, అందుకే ఈ జీపు ఎంత దూరమైనా ఇలా లాక్కెళ్ళడానికి పనికొస్తుంది. నీ ఫోర్‌రన్నర్‌ను ఇలా లాగకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ అని పేరున్నంత మాత్రాన అన్ని బండ్లకూ ఈ పద్ధతి కుదరదు.

తాళం స్టీరింగు బిగుసుకోని చోట, అంటే ఆఫ్‌లో ఉంచు, లాక్‌లో కాదు. టో బార్ తగిలించాకనే హ్యాండ్ బ్రేకు దించు. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే, గేరులో ఉన్నా బండి దొర్లిపోతుంది. విప్పేటప్పుడు కూడా ముందు హ్యాండ్ బ్రేకు, ఆ తర్వాతే పిన్ను. పిల్లలు రెండు బండ్ల మధ్యకి రాకూడదని స్వాతికి చెప్పు.

రివర్స్ అన్నది లేదనుకో. వెనక్కి నెడితే జీపు ముందు చక్రాలు అడ్డం తిరిగి టో బార్ వంగిపోతుంది. పెట్రోలు బంకులో దూరేముందు ఎటు నుంచి బయటికి వస్తావో చూసుకుని దూరు. లేపిన జీపులకు ఇంకో చిక్కు ఉంది. లేపినప్పుడు క్యాస్టర్ కోణం తగ్గుతుంది. ఇరుకు మలుపు తిరిగాక చక్రాలు వాటంతటవి తిన్నగా కావు, అడ్డంగా ఈడ్చుకుంటూ వస్తాయి. నువ్వు ముందు సీట్లో ఉండి దాన్ని గుర్తించలేవు. టైరు గాలి పోయినా గుర్తించలేవు, రిమ్ము మీద మైళ్ళు పోతుంది. కాబట్టి ఊళ్ళోనే ఖాళీ పార్కింగులో నెమ్మదిగా ఎనిమిది అంకె వేస్తూ తిప్పు, స్వాతిని బయట నిలబడి చక్రాలు చూడమను. తిరిగి రాకపోతే బయల్దేరకముందే అలైన్‌మెంట్ చేయించు. టైర్ల గాలి చూపించే సెన్సర్లు జీపు చక్రాలకు బిగించుకో. వెనక చూసే కెమెరా ఉంటే ఆన్‌లోనే ఉంచు.

మోయాబ్‌లో ఏ దారి ఎక్కాలో నేను చెప్పను, నీకు చేతనైంది ఎక్కు. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. ట్రైలర్ ఉన్నవాడు రాతి మీద బండి విరగ్గొట్టుకున్నా ఎక్కించుకుని ఇంటికి వస్తాడు. నీకు ఆ వీలు లేదు. టై రాడ్ వంగినా, బాల్ జాయింట్ వదులైనా, ముందు హబ్ బేరింగు మోగినా జీపు నీ వెనక రాలేదు. హెల్స్ రివెంజ్ లాంటి దారి చివరి రోజుకు పెట్టుకోకు. మొదటి రోజున పెట్టుకుంటే ఏదైనా అయినా బాగు చేయించుకోవడానికి మరో రోజు ఉంటుంది. తిరుగు ప్రయాణానికి ముందురోజు వెలుతురు ఉండగానే కింద పడుకుని ముందు యాక్సిల్ అంతా చూడు, స్టీరింగును అటూ ఇటూ ఊపించి ఏ కీలు వదులుగా ఉందో చూడు. అనుమానం ఉంటే ట్రైలరూ, దాన్ని లాగే పెద్ద పికప్పూ అద్దెకు తీసుకో. అది ఖర్చే. మన ఊరి నుంచి వచ్చి ఇంత దూరంలో సంపాదించుకున్నదాంట్లో ఈ ఖర్చుకు చోటు ఉండాలి.

అక్టోబరులో సొరంగం దగ్గర మంచు పడే రోజులుంటాయి. మారిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు టైర్ల నిబంధన అమల్లో ఉంటుంది. నీ టైర్లు సరిపోయినా సరే, రోడ్డు మీద మంచుంటే జీపు తగిలించుకుని రావద్దు, ఒక రోజు ఆగు. సెలవు ఒక రోజు తగ్గితే తగ్గనీ.

వచ్చేటప్పుడు మా ఇంట్లో దిగి పడుకుని పొద్దున్నే వెళ్ళండి. అత్తయ్య పిల్లలకు గోంగూర పచ్చడి లేకుండా ఏం వండాలా అని ఇప్పుడే ఆలోచిస్తోంది. మా వీధి చివర మూసుకుపోయింది, తగిలించిన జీపుతో తిరగడానికి చోటు చాలదు, కాబట్టి ఇంటిదాకా రాకు. హైవే దిగగానే ఉన్న ట్రక్ స్టాపులో, ముందుకు పోతే బయటికి దారి ఉన్న వరసలో ఆగి ఫోన్ చెయ్యి. టార్క్ రెంచి పట్టుకుని నేనే వస్తాను. ఈలోగా బ్రాకెట్ల ఫొటోలు, క్యాట్ స్కేల్ చీటీలు పంపు.

మీ మామయ్య