సంఘ కార్యాలయపు పాత కంప్యూటరును బాగుచేసికొను విధము

సేద్యపు పాఠములకై యేర్పడిన యీ పుటలలో కంప్యూటరును గూర్చిన పాఠ మేల యని కొందఱు సభ్యులు ప్రశ్నింపవచ్చును. పూర్వము సంఘపు పద్దులు తోలుకట్టు పుస్తకములలో నుండెడివి, ఇప్పుడవి యంత్రమునందున్నవి. మన దేశమున సహకార పరపతి సంఘములకు 1904వ సంవత్సరమున చట్ట మేర్పడెను. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు సమ్మతించెను. కావున కార్యాలయపు బల్లమీది యంత్రము యొక్క ఆరోగ్యము గుమాస్తా కెంత యవసరమో రైతున కంత యవసరము.

ఇందు ధననష్ట మెట్లు కలుగునో యొక లెక్క చూతము. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము కొనసాగించిన పథకము ప్రకారము, 3 లక్షల రూపాయల వఱకు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు; గడువులోపల చెల్లించిన వానికి 3 రూపాయల రాయితీ కలదు. లక్ష రూపాయల ఋణముపై నీ రాయితీ యేడాదికి 3000 రూపాయలగును. రైతు గడువునాడు సొమ్ము తెచ్చి నిలిచినపుడు యంత్రము పలుకకున్నను, తప్పు తేదీ వేసినను, ఆ 3000 రూపాయలు వివాదమున పడును.

యంత్రము పాతదగుటయు, చెడిపోవుటయు నొకటి కావు. పంపు నీరెత్తనపుడు రైతు పంపును పాతయినుపవానికి విక్రయింపడు. ఫుట్‌వాల్వు చూచును, గ్లాండుతాడు చూచును, గొట్టములో గాలి చొరబడుచున్నదేమో చూచును. కంప్యూటరునందును త్వరగా నశించు భాగములు కొన్నియే కలవు: గాలి విసరు ఫ్యాను, ప్రాసెసరుపై పూసిన పేస్టు, చిన్న బ్యాటరీ, హార్డుడిస్కు, కరెంటు నిచ్చు పెట్టె. వీనిని క్రమముగా పరీక్షించిన పక్షమున పది పండ్రెండేండ్ల యంత్రము కూడ పెక్కు సందర్భములలో మఱి కొన్ని యేండ్లు నమ్మకముగా పనిచేయును. ఆ క్రమమునే యిచట వివరించుచున్నాము.

1. మొదట లెక్కలను భద్రపఱచుట

వరద వచ్చునపుడు మొదట పశువులను, విత్తనపు మూటలను మెరక చేర్తుము. గోడల సంగతి పిదప చూతుము. అట్లే స్క్రూ విప్పుటకు ముందే యంత్రమందలి ఫైళ్ళన్నిటికి నకళ్ళు తీయవలెను. ముఖ్యమైన పద్దులు దూరముననున్న సర్వరులో నుండుచున్నను, తీర్మానములు, సభ్యుల దరఖాస్తులు, ఎరువుల నిల్వ పట్టికలు తఱచుగా కార్యాలయపు యంత్రమునందే యుండును. నకళ్ళు రెండు వేఱువేఱు పరికరములపై నుండవలెను. అందొకటి కార్యాలయమునకు వెలుపల భద్రమైన చోట, తాళపుమాట పెట్టి యుంచవలెను. నకలు తీసినంతమాత్రాన చాలదు. దానిని మఱియొక యంత్రములో పెట్టి రెండు మూడు ఫైళ్ళు తెఱచి చూచిన పిదపనే నకలున్నదని తలంపవలెను.

హార్డుడిస్కు నుండి టక్కుటక్కుమను చప్పుడు వచ్చుచున్నచో మాటిమాటికి యంత్రమును వెలిగింపరాదు. అట్టి చప్పుడు లోపలి ముల్లు తన చోటును కనుగొనలేక కొట్టుకొనుచుండుటకు గుఱుతు. నకలు లేని లెక్కలు దానిలో నున్నచో వెంటనే యాపి, నేర్పరియైన వానికి చూపవలెను.

2. వారము దినములు రోగ లక్షణములు వ్రాసికొనుట

పశువు మేత మానిన దనగానే వైద్యుడు మందు పోయడు. ఎప్పటినుండి, ఏమి తిని, ఏ పూట యని యడుగును. యంత్రమునకును నట్లే యొక పుస్తకము పెట్టి, అది నిలిచిపోయిన గంట, అప్పుడు చేయుచున్న పని, తెరపై కనబడిన మాటలు వ్రాయుడు. వెలిగించిన అరగంటకో గంటకో ఆఱిపోవుచు, చల్లారిన పిదప మఱల పనిచేయుచున్నచో వేడిమిని శంకింపవలెను. ప్రక్కనున్న మోటారు వేయగానే ఆఱిపోవుచున్నచో కరెంటును శంకింపవలెను. వేఱువేఱు పనులలో వేఱువేఱు తప్పులు చూపుచు నీలితెర వచ్చుచున్నచో జ్ఞాపకపు పలకను, అనగా ర్యామును, మొదట పరీక్షింపవలెను. డిస్కుదీపము విడువక వెలుగుచు తెర కదలకున్నచో డిస్కును చూడవలెను. తేదీ తప్పుచున్నచో చిన్న బ్యాటరీని మార్చవలెను. ఒక పర్యాయమున కొక్క మార్పే చేయవలెను. రెండు మార్పు లేకకాలమున చేసినచో గుణ మిచ్చిన దేదియో తెలియదు.

3. కరెంటు

గ్రామములందు యంత్రములకు కీడు కలిగించువానిలో కరెంటు ప్రధానమైనది. గోడసాకెట్టు వదులుగా నున్నదేమో, మూడవ పిన్నునకు నిజముగా ఎర్తు కలదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయింపవలెను. పిదప యూపీఎస్‌ను చూడవలెను. ఫైళ్ళన్నిటిని మూసి, గోడస్విచ్చి ఆపి, ఎన్ని నిమిషములు నిలుచునో లెక్కించుడు. ఒక నిమిషమైన నిలువకున్నచో దాని బ్యాటరీ తీరినది. ఇట్టి చిన్న యూపీఎస్‌లలో సామాన్యముగా 12 వోల్టుల సీసపు బ్యాటరీ యుండును. వేసవి వేడికి దాని ఆయువు తగ్గును. మూడు నాలుగేండ్లకు మార్చుట సాధారణము. బ్యాటరీ మార్చిన చాలును, పెట్టె మార్చ నక్కఱలేదు.

యంత్రము లోపల కరెంటు నిచ్చు పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అందురు. ఇది 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చును. నూటికి 5 వంతుల హెచ్చుతగ్గులు అంగీకార్యములు. అనగా 12 వోల్టుల తీగపై 11.4 నుండి 12.6 వఱకు నుండవచ్చును. అంతకు మించి తప్పినచో పెట్టెను మార్చవలెనే కాని, విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను దానిలోని కెపాసిటరునందు 300 వోల్టులకు పైబడిన కరెంటు నిలిచియుండవచ్చును. ఈ యొక్క మాట సభ్యులెవ్వరును మఱవరాదు.

4. దుమ్ము, వేడి

ఊకదుమ్ము, ఎరువుల పొడి కలిసిన గాలిలో పనిచేయు యంత్రమునకు ఏటికి రెండు పర్యాయములైన శుభ్రత కావలెను. ప్లగ్గు తీసి, వెలిగించు మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టి, లోపల మిగిలిన కరెంటును పోనిండు. ముందుగా పెట్టె యొక్క ఇనుపభాగమును తాకి, శరీరమందలి విద్యుత్తును వదల్చుకొనుడు. మెత్తని పొడి బ్రష్షుతోను, బ్లోయరు గాలితోను దుమ్ము తీయవలెను, తడిగుడ్డ పనికిరాదు. ఊదునపుడు ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టవలెను. ఎలుకలు కొఱికిన తీగలున్నవేమో యీ సమయముననే చూచి, వెనుకనున్న ఖాళీ రంధ్రములకు ఇనుపరేకులు బిగింపుడు.

ప్రాసెసరునకును, దాని వేడిని లాగు హీట్‌సింకునకును నడుమ నొక పేస్టు పూయబడి యుండును. ఏండ్లు గడచినకొలది అది యెండి బీటలువాఱిన మడివలె నగును. అప్పుడు వేడి పైకి పోదు. పెక్కు ప్రాసెసర్లు 100 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు వచ్చుసరికి తమ్ము తాము కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అంతటను తగ్గకున్నచో ఆఱిపోవును. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచి, శనగగింజకు మించని పరిమాణమున క్రొత్తది పెట్టి, హీట్‌సింకును సమముగా బిగింపవలెను. ఎక్కువ పూసిన నెక్కువ మేలు కలుగదు.

లోపల చూచుచున్నపుడే మదరుబోర్డుపై గొట్టములవలె నిలిచియుండు కెపాసిటర్లను గమనింపుడు. వాని తలలు చదునుగా నుండవలెను. ఉబ్బినను, గోధుమవర్ణపు జిగురు కారినను అవి చెడినవి. 1999 మొదలు 2007 వఱకు తయారైన బోర్డులలో పెక్కింటికి కెపాసిటర్లలోని ద్రవపు దోషమువలన నీ వ్యాధి వచ్చెను. మంచి పనివాడు వానిని మార్చగలడు.

5. జ్ఞాపకపు పలకలు

ర్యాము పలకలను తీసి, వాని పసుపుపచ్చని అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, గాడిలో టక్కుమనునంతవఱకు నొక్కవలెను. నడుపుటకు వ్యయమేమియు లేని ఈ పనితోనే కొన్ని యంత్రములు లేచి కూర్చుండును. గుణము కనబడకున్నచో మెమ్‌టెస్ట్86 అను ఉచిత పరీక్షను పెన్‌డ్రైవులో పెట్టి రాత్రియంతయు నడుపుడు. ఒక్క తప్పు చూపినను, పలకలను ఒకటొకటిగా పెట్టి మఱల పరీక్షించి, దోషము గల దానిని వేఱుచేయవలెను.

6. చిన్న బ్యాటరీ

మదరుబోర్డుపై రూపాయి బిళ్ళవంటి బ్యాటరీ యొకటి యుండును. దాని పేరు సీఆర్2032: వ్యాసము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, బలము 3 వోల్టులు. కరెంటు లేనపుడు తేదీని, గంటను కాచునది యిదియే. ఇది తీరినచో, కరెంటు పోయి వచ్చినపుడెల్ల యంత్రము తాను పుట్టిన యేటికో అంతకు ముందటి తేదీకో పోవును. యంత్రపు తేదీని నమ్మి రసీదు వ్రాయు సంఘములో దీని ఫలమేమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. పైన చెప్పిన 3000 రూపాయల రాయితీ యీ చిన్న బిళ్ళమీద నాధారపడియున్నది. దాని వెల కొలది పదుల రూపాయలే. తేదీ యొక్కసారి తప్పినను దానిని మార్చి, ఆ దినములలో వ్రాసిన రసీదులను చేతిపుస్తకముతో సరిచూడవలెను.

7. హార్డుడిస్కు

పాత హార్డుడిస్కులో పలక తిరుగుచుండగా ముల్లు అటునిటు కదలి లెక్కలను చదువును. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కులో, కావలసిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున 4 మిల్లీసెకండ్లకు మించి పట్టును; ముల్లు కదలు కాలము దీనికి తోడు. ఎస్‌ఎస్‌డీ యను క్రొత్త డిస్కునందు కదలు భాగములే లేవు. కావున నీ నిరీక్షణ మిల్లీసెకండులో పదవ వంతునకు దగ్గఱగా తగ్గును. పాత యంత్రమునకు చేయదగిన ఒక్క మార్పు చెప్పుమని యడిగినచో మే మిదియే చెప్పుదుము.

డిస్కు తన ఆరోగ్యమును తానే వ్రాసికొనుచుండును. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో వంటి ఉచిత ప్రోగ్రాముతో దానిని చదువవచ్చును. చెడిన చోట్లకు బదులుగా వాడిన చోట్ల సంఖ్యయు, చదువుటకు వీలుపడక నిలిచియున్న చోట్ల సంఖ్యయు ముఖ్యములు. ఇవి వారము వారమునకు పెరుగుచున్నచో, పురుగు పట్టిన గాదెవలె నా డిస్కును నమ్మరాదు.

8. లోపలి వ్యవస్థ

ఇనుము బాగుపడినను, దానిని నడుపు వ్యవస్థ పాతదైనచో దొంగలకు తలుపు తెఱచినట్లే. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని అంగీకరింపదు. దానికి టీపీఎం 2.0 అను భద్రతా భాగము కావలెను. అట్టి యంత్రములకు లినక్సు ఉచితముగా లభించును. దీనిని 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. బ్రౌజరులో నడచు పని యంతయు దీనిపై చక్కగ సాగును. కాని సంఘము వాడు లెక్కల ప్రోగ్రామును, ప్రింటరును, వ్రేలిముద్ర పరికరమును ముందుగా పెన్‌డ్రైవు నుండి లినక్సు నడిపి పరీక్షించిన పిదపనే మార్చవలెను.

9. ఎచట నాపవలెను

మరమ్మతునకు హద్దు కలదు. మదరుబోర్డే పోయినచో, లేదా కావలసిన భాగముల వెల మొత్తము పూచీతో దొరకు మరమ్మతు చేసిన యంత్రపు వెలలో సగమునకు చేరినచో, వ్యయ మాపుటయే వివేకము. యంత్రమును విడుచునపుడు డిస్కును పూర్తిగా తుడిచివేయవలెను, లేదా తీసి యుంచుకొనవలెను. దానిలో సభ్యుల ఆధారు సంఖ్యలును, భూమి వివరములును నుండవచ్చును. మిగిలిన పెట్టెను చెత్తకుప్పలో వేయరాదు, కాల్పరాదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమములను అనుసరించి, రిజిస్టరైన వారికే యీయవలెను.

పాలకవర్గములకు మా సూచన యొక్కటి. గడువు దినములలో యంత్రమును విప్పబోకుడు. వసూళ్ళు ముగిసి పని తక్కువగా నున్న వారమును మరమ్మతునకు నిర్ణయింపుడు. ఈలోపల, ఈ సంచిక చేరిన వారములోనే రెండు పనులు చేయవచ్చును: ఫైళ్ళకు రెండు నకళ్ళు తీయించుట, తేదీ సరిగా నున్నదా యని ప్రతి యుదయము రసీదు వ్రాయుటకు ముందు చూచుట. సభ్యులును రసీదు చేతికి వచ్చినపుడు సొమ్ముతోపాటు తేదీని చదివికొని మఱియే యిల్లు చేరవలెను.