గాజుపెట్టెలో సెలజినెల్లా పెంపకము

పట్టణములయందు గాజుపెట్టెలలోను, వెడల్పు మూతిగల సీసాలలోను చిన్న మొక్కలను పెంచి గదులలో అలంకారముగా నుంచుకొను వాడుక నేడు హెచ్చుచున్నది. ఇట్టి పెట్టెను టెర్రేరియమందురు. అందు పెంచుటకు మిక్కిలి తగిన మొక్కలలో సెలజినెల్లా యొకటి. దీనిని పెంచి యమ్మినచో కొంత ఆదాయము వచ్చునా యని మన సభ్యులలో కొందఱు మమ్ము నడిగియున్నారు. వారికి ముందుగా నొకమాట చెప్పవలసియున్నది. పొలములో మనకు మేలుచేయు ఎండ, పెంట, పుష్కలమైన నీరు, ఈ మూడును ఈ మొక్కకు కీడు చేయును. ఈ సంగతి తెలియకయే మేము మొదట నాటిన మొక్కలలో పెక్కింటిని పోగొట్టుకొంటిమి.

మొక్క స్వభావము

సెలజినెల్లా చూచుటకు నాచువలె నుండును గాని నాచు కాదు. నాచునందు నీటిని మోయు నాళములు లేవు, దీనియందు గలవు. ఇది పూయదు, విత్తనము కట్టదు. కొమ్మల చివరనుండు చిన్న కంకులలో పుట్టు సూక్ష్మమైన రేణువుల వలన వ్యాపించును. ఈ కులమున సుమారు 700 జాతులు గలవు. వీనిలో నెక్కువభాగము ఉష్ణమండలపు అడవులలో పెద్దచెట్ల నీడను, తేమగాలిలో పెరుగును. దక్షిణ చైనాకు చెందిన అన్సినేటా జాతియు, మలయా మొదలగు ప్రాంతములకు చెందిన విల్డెనోవై జాతియు నీడలో నెమలికంఠమువంటి నీలివన్నెతో మెఱయును. ఆ వన్నె రంగుపదార్థము వలన గలిగినది కాదు; ఆకు పైనుండు మిక్కిలి పలుచని పొరలనుండి వెలుతురు తిరిగి వచ్చుటచే గలుగునది. ఎండ తగిలిన మొక్కలో ఆ నీలము తగ్గిపోవును. కొనువాడు వన్నెను చూచియే వెల యిచ్చును గనుక ఈ పనిలో నీడయే మన పెట్టుబడి.

కొండరాళ్ళపై పెరిగి, సంతలలో సంజీవని యను పేర అమ్మబడు బ్రయోప్టెరిస్ జాతియు ఈ కులములోనిదే. అది ఎండినపుడు పిడికిలివలె ముడుచుకొని, తడి తగులగనే విచ్చుకొనును. దానిని చూచినవారు గాజుపెట్టెలోని మొక్కయు నట్లే కోలుకొనునని తలంతురు. అది పొరపాటు. పైన జెప్పిన రెండు జాతులును పూర్తిగా ఎండినచో మరల పచ్చబడవు. ఇక సంజీవనిని కొండలనుండి పెఱికి తెచ్చి యమ్ముట తగని పని. పెఱికినకొలది కొండ బోడియగును. ఒక తల్లిమొక్క యున్నచో తుంచిన కొమ్మలతోనే వందలు చేసికొనగలవారికి అడవిని దోచుకొనుట యెందుకు?

గాజుపెట్టె పనిచేయు విధము

1829లో లండను నగరమున నథానియల్ వార్డను వైద్యుడు ఒక పురుగు గూటిని తడిమట్టిలో నుంచి సీసా మూసిపెట్టెను. కొన్నాళ్ళకు ఆ మట్టిలో ఫెర్ను మొక్కయు, గడ్డియు మొలిచినవి. పగటి వేడికి మట్టిలోని నీరు ఆవిరియై, గాజునకు తగిలి చల్లబడి, బిందువులై మరల మట్టికే చేరుటను ఆయన గమనించెను. 1833లో ఆయన పెట్టెలలో నుంచి పంపిన మొక్కలు నెలల తరబడి ఓడప్రయాణము చేసి సజీవముగా సిడ్నీ చేరినవి. తరువాత చైనానుండి తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతములకు వచ్చినది ఇట్టి పెట్టెలలోనే. మనకు కావలసిన సూత్రమంతయు నిందే గలదు. పెట్టె మూసియుండుటచే తేమ నిలుచును; తేమ నిలుచుటచే మొక్క బ్రతుకును.

నాటు విధము

సీసా అడుగున ఒక అంగుళము గులకరాళ్ళు పఱచి, పైని కొద్దిగా బొగ్గుముక్కలు చల్లవలయును. దానిపై రెండంగుళముల మట్టిమిశ్రమము పోయవలయును. జల్లించిన ఆకుమట్టి రెండు పాళ్ళు, కొబ్బరిపొట్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపిన చాలును. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండును గనుక మూడుమాఱులు మంచినీటిలో నానబెట్టి పిండి వాడవలెను. పచ్చిపెంట యెంతమాత్రమును కలుపరాదు. దానివలన బూజు పట్టును, చిన్న యీగలు పుట్టును.

రెండంగుళముల పొడవున కొమ్మలు తుంచి మట్టిపై పఱచి, మెల్లగా నొత్తవలయును. కొమ్మ చీలుచోట వేళ్ళు దిగును గనుక ప్రతి తునుకలోను ఒకటి రెండు చీలికలుండునట్లు చూడవలెను. పిమ్మట వాననీరు చిలకరించి మూత పెట్టవలయును. ఉప్పుబావి నీరు పనికిరాదు. కొన్ని వారములకు వేళ్ళు పట్టును.

నీరు, వెలుతురు

నీరు పోయుటకు గాజే మనకు గురుతు చూపును. ఉదయమున గాజుపై పలుచగా ఆవిరి పట్టి, మధ్యాహ్నమునకు తొలగినచో అంతయు సరిగా నున్నది. దినమంతయు నీరు కారుచున్నచో కొన్ని గంటలు మూత తీయవలయును. ఆవిరియే కనబడనిచో కొంచెము చిలకరింపవలయును. గులకరాళ్ళలో నీరు నిలిచిన వేళ్ళు కుళ్ళును. ఉత్తరపు కిటికీ దగ్గఱ వెలుతురు చాలును. ఎండలో నుంచిన సీసా పొయ్యిపైని కుండతో సమానము. ఒక్కపూటలో మొక్క ఉడికిపోవును. మన వేసవిలో ఇదియే పెద్ద గండము. చైత్ర వైశాఖములలో సీసాలను మందపుగోడల గదిలో, తడి ఇసుకపై నుంచవలెను. బూజు కనబడిన భాగమును వెంటనే తుంచి, గాలి తగులనీయవలెను.

లాభనష్టములు

సభ్యులు పంట మానుకొని దీనికి దిగరాదు. అప్పుచేసి గాజుపెట్టెలు కొనరాదు. ఇంటిలోని పది సీసాలతో, ఒక్క తల్లిమొక్కతో మొదలుపెట్టి ఒక వేసవి గడపి చూడవలయును. వేసవి దాటించినవారే ముందుకు సాగవలయును. తుంచిన వెంటనే కాక, వేళ్ళు పట్టి నెలదినములు నిలిచిన మొక్కనే యమ్మవలయును. కొనువానికి నీటిగురుతును, ఎండ ముప్పును తప్పక చెప్పవలయును. చెప్పకయమ్మిన మొక్క పదిదినములలో చచ్చును. ఆ గిరాకి మరల రాడు. ఒక సభ్యుని యజాగ్రత్త సంఘమునకంతకు చెడ్డపేరు తెచ్చును. మంచిమొక్కయు, నిజమైన మాటయు ఇచ్చిన వానికి మాత్రము కొద్దిపాటి పెరటిపని గూడ చన్నీళ్ళకు వేడినీళ్ళవలె తోడగును.