బండి ఎక్కిన కుక్క తిరిగి వస్తుంది

చెన్నై కార్పొరేషన్ వారి కుక్కల బండి వీధి మలుపులో కనబడగానే, అరుగు మీద పడుకున్న కుక్కను లోపలికి పిలిచి తలుపు మూసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున అన్నం పెట్టిన చేయి మధ్యాహ్నం దానిని బండికి అప్పగించలేదు. ఈ భయం ఊరికే పుట్టినది కాదు. దశాబ్దాల పాటు మద్రాసులో పట్టుబడిన వీధికుక్క తిరిగి రాలేదు. కార్పొరేషన్ దానిని విద్యుత్తుతో చంపేది. ఇన్ని చంపినా వీధుల్లో కుక్కలు తగ్గలేదు, రేబిస్ తగ్గలేదు. ఖాళీ అయిన చోటికి పక్క వీధి కుక్కలు వచ్చేవి. మిగిలిన తిండితో వాటి పిల్లలు బతికేవి.

1959లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ, చంపడానికి బదులు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా అనే మార్గాన్ని 1964లోనే ప్రతిపాదించింది. కార్పొరేషన్ దానికి సమ్మతించడానికి 1996 వరకు పట్టింది. ఆ తరువాతి దశాబ్దంలో నగరంలో మనుషుల రేబిస్ మరణాలు బాగా తగ్గాయి. 2001లో ఈ పద్ధతి దేశమంతటికీ కేంద్రప్రభుత్వ నియమావళి అయింది. దాని స్థానంలో 2023లో కొత్త నియమావళి వచ్చింది. పట్టిన కుక్కకు శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచున చిన్న గాటు పెట్టి, పట్టిన చోటనే వదలాలన్నది అందులోని ముఖ్య నిబంధన. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు నిలయాలు, రైల్వే స్టేషన్ల ఆవరణల విషయం మాత్రం వేరు. అక్కడ పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలక ఆశ్రయాలకు తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నివాస వీధిలోని కుక్కను దాచిపెట్టిన ఇల్లు, ఆ కుక్కకు ఉచితంగా అందవలసిన శస్త్రచికిత్సనూ టీకానూ కూడా దాచిపెట్టినట్లే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీధికుక్క ఎవరిది, పెంపుడు కుక్క ఎవరిది? ఊరి నుండి వచ్చి అద్దె ఇళ్ళలో ఉండే కుటుంబాలలో చాలామందికి ఉన్నది ఈ రెండింటికీ నడుమ ఉన్న కుక్క. మెడకు పట్టీ ఉండదు, పేరు ఉంటుంది. కట్టడాల దగ్గర కాపలాకు చేరదీసిన కుక్క అయితే మరీను: మేడ పూర్తయ్యాక కాపలా కుటుంబం మరో చోటికి వెళ్తుంది, కుక్క అక్కడే మిగిలిపోతుంది. అప్పటికి అది ఆడకుక్క అయి, రెండు ఈతలు ఈని ఉంటే, ఆ వీధికి మిగిలేది ఒక కుక్క కాదు. నియమాల దృష్టిలో వీధిలో తిరిగే కుక్క బాధ్యత కార్పొరేషన్‌ది. ఇంట్లో ఉంచుకున్న దానికి శస్త్రచికిత్స చేయించడం యజమాని పని. పెంపుడు కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు కూడా ఉండాలి; దానికి రేబిస్ టీకా పత్రం అడుగుతారు. నడుమ ఉన్న కుక్కను పిల్లలు పుట్టక మునుపే ఏదో ఒక వైపు చేర్చుకోవడం మేలు.

కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది, సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. పిల్లి సంగతి ఇంకా వేగం. నాలుగైదు నెలల వయసుకే గర్భం ధరించగలదు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ చూలు కట్టగలదు. పిల్లుల కోసం బండి సాధారణంగా రాదు. బుట్టలోనో పెట్టెలోనో పెట్టి ఆసుపత్రికి మోసుకుపోవలసిందే. గోనెసంచిలో కట్టి మార్కెట్ దగ్గర వదిలిన పిల్లపిల్లుల కథ ఏ పేటలో అడిగినా వినిపిస్తుంది. ఆ పని చేసినవారందరూ కఠినులు కారు. ఆరు నోళ్ళకు పాలు పోయలేని ఇల్లు అది.

ప్రైవేటు క్లినిక్కులో ఈ శస్త్రచికిత్సకు వేల రూపాయలు కావచ్చు. కాని ప్రభుత్వ పశువైద్యశాలలు, వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి, జంతు సంక్షేమ సంస్థలు ఉన్నాయి. ముందుగా అక్కడ విచారించాలి. ఆడదానికి అండాశయాలను, గర్భాశయాన్ని తొలగిస్తారు, మగదానికి వృషణాలను. మొదటి ఎదకు మునుపే చేయిస్తే ఆడకుక్కకు పాలగడ్డల క్యాన్సరు వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది. గర్భాశయంలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధి రాదు. ఒక ఈత అయ్యాకే చేయించాలన్న మాటకు ఆధారం లేదు. కాపలా బుద్ధి పోతుందన్నదీ అంతే. ఒళ్ళు చేయడం మాత్రం నిజం. అన్నం కాస్త తగ్గిస్తే సరిపోతుంది.

శస్త్రచికిత్సకు ముందు ఎన్ని గంటలు పస్తు ఉంచాలో వైద్యుడు చెబుతాడు. జాలిపడి పొద్దున్నే పాలు పోస్తే, మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఇంటికి వచ్చాక సుమారు పది రోజులు స్నానం లేదు, మెట్లు దూకడం లేదు, కుట్లు నాకకుండా మెడకు గరాటు వంటి పట్టీ. రక్తం కారినా, చీము పట్టినా, రోజంతా తిండి ముట్టకపోయినా వెంటనే తిరిగి చూపించాలి. మగకుక్కను కొన్ని వారాలు ఎదలో ఉన్న ఆడవాటికి దూరంగా ఉంచాలి. ఆ లోపు అది ఇంకా గర్భం చేయగలదు.

వీధికుక్క కోసం కార్పొరేషన్ ఫిర్యాదు సంఖ్య 1913. ఫోను చేసేటప్పుడు వీధి పేరు, డివిజను సంఖ్య, కుక్క రంగు, ఆడదా మగదా, చెవికి గాటు ఉందా లేదా, ఏ వేళ ఎక్కడ పడుకుంటుందో చెప్పాలి. పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి తప్పక చెప్పాలి. దానిని ఇప్పుడు తీసుకుపోతే పిల్లలు ఆకలితో చస్తాయి. తమిళం ఇంకా పట్టుబడనివారు మూడు మాటలు నేర్చుకుంటే చాలు: వీధికుక్క ‘తెరునాయ్’, సంతాన నిరోధం ‘కరుత్తడై’, టీకా ‘తడుప్పూసి’. ఫిర్యాదుకు ఇచ్చే నమోదు సంఖ్యను రాసి పెట్టుకోవాలి. బండి వచ్చిన రోజున, రోజూ అన్నం పెట్టే మనిషే కుక్కను పిలిస్తే అది బెదరకుండా వస్తుంది, వల వేయవలసిన పని ఉండదు. నాలుగైదు రోజుల తరువాత అది అదే అరుగు మీద కనబడాలి. కనబడకపోతే ఆ నమోదు సంఖ్య చెప్పి మళ్ళీ 1913కు అడగవచ్చు.