పాస్‌బుక్కు అన్నయ్య పేరున ఉంటే నా వాటా పోయినట్టేనా?

ప్రశ్న: తెనాలి దగ్గర తాతగారి నుంచి నాన్నకు వచ్చిన నాలుగెకరాల మాగాణి ఉంది. నాన్న 2003లో వీలునామా రాయకుండా పోయారు, తర్వాత అమ్మ కూడా పోయింది. మేం ఇద్దరమే, అన్నయ్యా నేనూ. నాకు 1998లో పెళ్లయింది. ఇప్పుడు సిడ్నీ హారిస్ పార్క్‌లో ఉంటున్నాం, నాది ఆస్ట్రేలియా పౌరసత్వం, ఓసీఐ కార్డు ఉంది. అన్నయ్య ఏటా కౌలులో కొంత పంపేవాడు, రెండేళ్లుగా ఆపేశాడు. పాస్‌బుక్కు 2006లోనే తన పేరున మార్చుకున్నాడని ఈమధ్యే తెలిసింది. పసుపు కుంకుమల కింద నీది ఇచ్చేశాం, హక్కు విడుదల దస్తావేజుకు జీపీఏ పంపు అంటున్నాడు. నాకు వాటా ఉందా?

జవాబు: ఉంది, రెండెకరాలు. అది ఉమ్మడి ఆస్తి అయితే, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ మీకు వర్తిస్తుంది. కూతుళ్లకు ఇదే హక్కు ఇచ్చిన 2005 కేంద్ర సవరణకు తండ్రి బతికి ఉండాలా అన్న తగవును కూడా 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. కాదు, అది నాన్న సొంత ఆస్తే అనుకున్నా, కూతురు 1956 నుంచే తండ్రికి వారసురాలు. ఏ దారిన లెక్కేసినా సగం మీదే. పెళ్లిలో పెట్టిన బంగారం, ఇచ్చిన కట్నం వాటాను చెరిపేయవు.

పాస్‌బుక్కు సంగతి. న్యూసౌత్‌వేల్స్‌లో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లదే. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో పుట్టిన టోరెన్స్ పద్ధతి అది. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లు అదే కళ్లతో ఊళ్లో పాస్‌బుక్కు చూసి బెంబేలెత్తుతారు. పాస్‌బుక్కులో పేరు మార్చే మన ముటేషన్ శిస్తు వసూలు కోసం పుట్టింది. దానివల్ల హక్కు రాదు, పోదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. హక్కు తేల్చేది సివిల్ కోర్టు.

అలాగని నిద్రపోకండి. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని వెలివేశారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు నడుస్తుంది. పాస్‌బుక్కు మారడం ఒక్కటే వెలివేత కాదు. "నీకేం లేదు" అని తెగేసి చెప్పడం వెలివేతే. అన్నయ్య అలా వాట్సాప్‌లో రాసి ఉంటే ఆ మెసేజ్‌ను తేదీతో సహా దాచండి. అంతకన్నా విలువైనవి కౌలు జమ చేసిన బ్యాంకు స్టేట్‌మెంట్లు. అన్నయ్యే మీ వాటాను ఒప్పుకున్నాడనడానికి అవి సాక్ష్యం.

విదేశీ పౌరసత్వం వారసత్వానికి అడ్డు కాదు. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, భారత్‌లో ఉంటున్నవారికి అమ్మవచ్చు. అందుకే "నీ వాటా వదిలెయ్, వేరే చోట పొలం కొనిపెడతా" అంటే ఒప్పుకోకండి. మీ పేరున ఆ కొనుగోలుకు చట్టం ఒప్పుకోదు.

జనరల్ పవర్ మాత్రం వద్దు. దాంతో మీ పేరున విడుదల దస్తావేజు రిజిస్టరైతే తర్వాత దాన్ని రద్దు చేయించుకోవడం ఏళ్ల తరబడి పని. నమ్మకమైనవాళ్లకు, పంపకం దావా నడపడానికి మాత్రమే స్పెషల్ పవర్ ఇవ్వండి. అమ్మడం, వదులుకోవడం అందులో ఉండకూడదని స్పష్టంగా రాయించండి. సిడ్నీలోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించుకోవచ్చు. పత్రం భారత్ చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ మూడు నెలల సంగతి చాలామంది మరచిపోతారు.

ఈలోగా మీభూమిలో 1బి, అడంగల్, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. అన్నయ్య ఎవరికైనా అమ్మి ఉంటే ఈసీలో తెలుస్తుంది. అమ్మినా అతని సగానికే చెల్లుతుంది. ముందు లాయరు నోటీసు, దారికి రాకపోతే పంపకం దావా. పొలం ఉన్నచోటే, అంటే తెనాలి వైపు కోర్టులోనే వేయాలి, మీ దగ్గరి పారమట్టాలో కాదు. దావా వేశాక జరిగే అమ్మకం తీర్పుకు లోబడే ఉంటుంది. లాయరు ఖర్చు భయమైతే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సాయం ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు.